భైరవుడి ముక్కు మీద పదిహేడు మచ్చలు

జగన్మోహన్ కుక్క ముక్కు మీద పదిహేడు మచ్చలు. ఆ సంగతి ఈ భూమండలం మీద కచ్చితంగా తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆ మచ్చలు పెట్టిన భగవంతుడు, రెండోవారు వాటిని తుడిచిపారేసిన భీమశంకరం. మొదటివాడి మీద ఎవరూ నవ్వలేదు. రెండోవాడి మీద మాత్రం ఆరిజోనా రాష్ట్రం, చాండ్లర్ ఊళ్ళో, శాన్‌టాన్ వేటకుక్కల క్లబ్బు సభ్యులు నలభై ఒక్కమందీ లేచి నిలబడి నవ్వారు. ఒకరిద్దరు కూర్చునే నవ్వారు, వాళ్ళకి మోకాళ్ళ నొప్పులు.

ఇది ఎనభై ఒకటో సంవత్సరం శీతాకాలం మాట. ఆ రోజుల్లో చాండ్లర్ అంటే పత్తిచేలు, పశువుల పాకలు, వాటి పక్కన కొత్తగా లేస్తున్న కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ. గాలి పడమర నుంచి వీస్తే పేడ వాసన, తూర్పు నుంచి వీస్తే నారింజ పూల వాసన, మే నెల వచ్చిందంటే ఏ వాసనా లేదు, ముక్కు మాడిపోవడమే. ఊళ్ళో ఉన్న తెలుగు కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. అందుకని ఒకరిని చూసి ఒకరు కుళ్ళుకోవాలన్నా పెద్దగా ఎంపిక ఉండేది కాదు. ఉన్నవాళ్ళతోనే సర్దుకోవాలి.

భీమశంకరం జగన్మోహన్‌తో సర్దుకున్నాడు.

అరిషడ్వర్గాలు ఆరన్నారు పెద్దలు. వాటిలో ఐదింటిని భీమశంకరం జయించాడనే చెప్పాలి. కోపం వచ్చినా ఎవరికీ తెలిసేది కాదు. మదం రావడానికి తగిన కారణం ఏదీ జీవితంలో తటస్థపడలేదు. ఆరోదైన మాత్సర్యం దగ్గరే మనిషి ఆగిపోయాడు. అది కూడా లోకం మొత్తం మీద కాదు, ఒక్కడి మీదే. వాల్తేరు యూనివర్సిటీ హాస్టల్లో ఇద్దరివీ ఎదురెదురు గదులు. జగన్మోహన్‌కి కామెర్లు వస్తే హాస్టలంతా బత్తాయిలు పట్టుకొచ్చింది. భీమశంకరానికి టైఫాయిడ్ వచ్చింది, దసరా సెలవుల్లో. అమెరికా వచ్చాక కూడా అంతే. గ్రీన్‌కార్డు జగన్మోహన్‌కి నాలుగు నెలలు ముందు వచ్చింది. ఇద్దరూ ఒకే రోజున ఒకే నర్సరీలో నిమ్మమొక్కలు కొంటే, కాయలు వాడి చెట్టుకి కాశాయి, ముళ్ళు ఈయన చెట్టుకి కాశాయి.

అయితే ఫోటోల విషయంలో జగన్మోహన్ తన జోలికి రాడని భీమశంకరానికి గట్టి నమ్మకం ఉండేది. ఎందుకంటే అది వంశపారంపర్యం.

తండ్రి అనంతరామయ్య గారిది తణుకులో శ్రీ రామలింగేశ్వర ఫోటో స్టూడియో. ఆయన ఫోటో తీయడంలో సామాన్యుడే కానీ టచింగులో బ్రహ్మ. మాటవరసకి అనడం కాదు, బ్రహ్మ చేసిన పొరపాట్లు ఆయన దిద్దేవాడు. నెగటివు వెనక దీపం పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో, పెళ్ళికూతుళ్ళ మొహాల మీద మశూచి గుంటలు, మొటిమలు, మంగు మచ్చలు మాయం చేసేవాడు. ఆయన ధర్మమా అని పశ్చిమగోదావరిలో ఎన్నో సంబంధాలు ఫోటో చూసి కుదిరాయి. పిల్లని చూశాక తప్పిపోయినవీ కొన్ని ఉన్నాయి, అది వేరే సంగతి. పని పూర్తయ్యాక ఫోటోని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూసేవాడు. నచ్చకపోతే చింపేసేవాడు. నచ్చితే వెనక ఊదారంగు సిరాతో స్టూడియో సీలు వేసి, దాని కింద ఎక్కడ టచింగు చేశాడో పెన్సిలుతో రాసుకునేవాడు, "ట: ఎడమ చెంప" అని.

"సీలు పడని ఫోటో మనది కాదురా. సీలు పడ్డాక అందులో తప్పు కూడా మనదే" అనేవాడు.

ఆయన పోయాక భీమశంకరం ఆ రబ్బరు సీలు వెంట తెచ్చుకున్నాడు. కెమిస్ట్రీలో రెండు పట్టాలు, పెట్టెలో ఒక సీలు, ఇవీ ఆయన ఆస్తులు. కెమిస్టు ఉద్యోగం దొరకలేదు. డెబ్భై తొమ్మిదిలో చాండ్లర్‌లో ఒక కలర్ లాబ్‌లో దొరికింది. రసాయనాల తొట్లు చూసుకోవడం, పెద్ద సైజు ప్రింట్లు వేయడం పని. ఆ చుట్టుపక్కల జనానికి మూడే వ్యాపకాలు: తుపాకి, గాలం, కుక్క. సోమవారం పొద్దున్న వచ్చే రీళ్ళ నిండా అవే. కౌజుపిట్టల గుత్తులు నడుముకి కట్టుకున్న పెద్దమనుషులు, చేపని కెమెరా వైపు చాచి పట్టుకుని దాన్ని మొసలంత చేసే మహానుభావులు, ట్రక్కు వెనక నాలుక వేలాడేసుకుని కూర్చున్న కుక్కలు. చీమకి కూడా హాని తలపెట్టని భీమశంకరం రోజంతా ఇతరుల పాపాలకి రంగు సరిచేసి ఇచ్చేవాడు. ఏ ప్రింటు మీదా ఆయన పేరుండేది కాదు. సీలు బీరువాలో పడుకుని ఉండేది.

జగన్మోహన్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. పక్కింటి ఎర్ల్ అనే ముసలి పత్తిరైతు శాన్‌టాన్ క్లబ్బుకి ప్రెసిడెంటు. ఆయన దగ్గర జగన్మోహన్ పాయింటర్ అనే వేటజాతి కుక్కపిల్లని కొన్నాడు. తెల్లటి ఒళ్ళు, ముదురు గోధుమరంగు చెవులు, మొహం నిండా సన్నటి చుక్కలు. దానికి భైరవుడని పేరు పెట్టాడు. క్లబ్బువాళ్ళు దాన్ని బైరన్ అనేవారు. అది రెండు పేర్లకీ పలికేది. ఈ జాతి కుక్క పొదలో పిట్ట వాసన తగిలితే మొరగదు, దూకదు. ముందుకాలు ఒకటి మడిచి, తోక నిలబెట్టి, ధ్వజస్తంభంలా ఆగిపోతుంది. వేటగాడు వచ్చేదాకా కదలదు. ఎనిమిది నెలల వయసుకే భైరవుడు అలా నిలబడ్డాడని జగన్మోహన్ తెలుగువాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్పాడు. అప్పటికి భీమశంకరం కూతురు మీనాకి నాలుగేళ్ళు, నిమిషం పాటు ఒకచోట నిలబడేది కాదు. ఆ పోలిక కూడా ఆయన మనసుకి తగలకపోలేదు.

క్లబ్బు ఏటా ఒక పుస్తకం వేస్తుంది, సభ్యుల కుక్కల బొమ్మలతో. జగన్మోహన్ లాబ్‌కి వచ్చాడు.

"ఒరేయ్ భీముడూ, మావాడి ఫోటో నువ్వే తియ్యాలి. మీ నాన్నగారి చెయ్యి నీకొచ్చింది కదరా."

ఆ ఒక్క మాటకి భీమశంకరం కరిగిపోయాడు. ఇంటి వెనక దుప్పటి కట్టాడు. లాబ్ నుంచి పాత స్టూడియో కెమెరా అరువు తెచ్చాడు. కుక్కలంటే ఆయనకి చిన్నప్పటి నుంచి భయం, అయినా వృత్తిధర్మం ముందు ప్రాణం ఎంత? నల్లగుడ్డలో తల దూర్చి, అలవాటు కొద్దీ, "గడ్డం కొంచెం ఎత్తండి, కదలకండి" అన్నాడు. భైరవుడు ఎత్తాడు, కదల్లేదు. తణుకులో ఏ పెళ్ళికొడుకూ అంత బుద్ధిగా కూర్చోలేదు.

తర్వాత మూడు సాయంత్రాలు నెగటివు మీద పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. పాపం, ఆయన చేసిందల్లా తండ్రి చేసిందే. ఎదుట మొహం ఉంది, మొహం మీద మచ్చలున్నాయి. ముక్కు మీద పదిహేడు, ఒక్కొక్కటే, గుర్తుపెట్టుకుని మరీ తీసేశాడు. భైరవుడు బొండుమల్లెపువ్వులా తయారయ్యాడు.

క్లబ్బు సమావేశంలో ఎర్ల్ ఆ ఫోటోని కళ్ళద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూశాడు.

"చక్కటి కుక్క. ఎవరిది?"

"నాదే… అనుకుంటున్నా" అన్నాడు జగన్మోహన్.

"మచ్చలేవయ్యా? పాయింటర్‌ని పోల్చేది వాటితోనేగా. ఇది బైరన్ కాదు, బైరన్‌కి సున్నం వేసినట్టుంది."

"నేనే తీశానండీ… టచింగ్…" అని భీమశంకరం గొణిగాడు.

ఎర్ల్ చాలా గంభీరంగా భుజం తట్టాడు. "మా మనవరాలికి జూన్‌లో పెళ్ళి. దాని మొహం నిండా చుక్కలే. నువ్వు తప్పకుండా రావాలి."

నలభై ఒక్కమంది నవ్విన నవ్వు అదే. అందరికంటే పెద్దగా నవ్వింది జగన్మోహన్. నవ్వి, కారులో వస్తూ, "ఏం అనుకోకురా. ఇంక ఫోటోలు నేనే తీసుకుంటాలే, నీకెందుకు శ్రమ" అన్నాడు.

మర్నాడే కెమెరా కొన్నాడు. వారం తిరక్కుండా మంచి ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. దీన్ని క్షమించడం మానవమాత్రుడి వల్ల అయ్యే పని కాదు.

భీమశంకరమూ ఊరుకోలేదు. పాత కెమెరా ఒకటి కొన్నాడు, క్లబ్బులో చేరాడు, వేట కాలంలో శనివారం తెల్లవారుజామున మిగతావాళ్ళతో ఎడారికి బయల్దేరాడు. భార్య రేణు పెరుగన్నం డబ్బా చేతికిస్తూ అడిగింది.

"ఏమండీ, ఆయన కుక్క మీద మీకెందుకండీ అంత పగ?"

"కుక్క మీద కాదు."

"కుక్క మీదైతే నయం. కనీసం దానికి తెలుస్తుంది."

ఎడారిలో భీమశంకరానికి ఒక చిక్కు వచ్చింది. భైరవుడు నిలబడేవాడు, పిట్టలు పొదలోంచి భగ్గున లేచేవి, ఎర్ల్ తుపాకి పేల్చేవాడు. వేట ఫోటోకి ప్రాణం ఆ క్షణమే. సరిగ్గా ఆ క్షణానికి భీమశంకరం కళ్ళు మూసుకునేవాడు. ఆయన మూసుకోవడం కాదు, అవే మూసుకునేవి. ఏడేడు తరాల శాకాహారం ఒక్కసారిగా ఉలిక్కిపడేది. ఆయన రీళ్ళ నిండా ఖాళీ ఆకాశాలు, దిక్కులేని ఈకలు. ఒకసారి తన బూటు ముందుభాగం మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది. పక్కనే జగన్మోహన్ పుట్టుకతోనే ఉలికిపాటు లేనివాడు. టిక్కు టిక్కుమని తీసేవాడు, అన్నీ తెచ్చి భీమశంకరానికే ఇచ్చేవాడు. "కాస్త బాగా ప్రింట్ చెయ్యరా, నువ్వయితే నాకు బెంగ ఉండదు" అనేవాడు. శత్రువు బిడ్డలకి నలుగుపెట్టి తలంటు పోసినట్టు భీమశంకరం వాటిని ప్రింట్ చేసేవాడు.

క్లబ్బులో ఏటా మార్చిలో విందు, ఫోటోల పోటీ. గెలిచిన ఫోటోని హాలు గోడకి తగిలించి, కింద ఇత్తడి రేకు మీద తీసినవాడి పేరు చెక్కిస్తారు. డబ్బు లేదు, కప్పు లేదు. పేరే. భీమశంకరం ఆ గోడ మీద ఖాళీ ఎక్కడుందో కూడా చూసుకుని పెట్టుకున్నాడు. గుర్రపునాడాకీ గడియారానికీ మధ్య.

ఎనభై మూడు ఫిబ్రవరిలో ఆయనకి నిజంగానే ఒక మంచి ఫోటో పడింది. తుపాకులన్నీ సద్దుమణిగాక, ఎర్ల్ తన టోపీలో నీళ్ళు పోసి పట్టుకుంటే ఆయన ముసలి లాబ్రడార్ తాగుతోంది. టోపీ అంచు మీంచి ఒక చుక్క జారుతోంది. ఎర్ల్ దాన్ని చూసి, తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. క్లబ్బులో అందరూ ఈసారి భీమ్‌దే అన్నారు. భీమశంకరం ఇంటికొచ్చి రేణుతో ఏమీ చెప్పలేదు కానీ, పచ్చడి కలుపుకుంటూ కూనిరాగం తీశాడు.

సరిగ్గా మూడు రోజులకి జగన్మోహన్ రీలొకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "పద్నాలుగో ఫ్రేమ్ చూడరా. పోటీకి అదే."

భీమశంకరం నెగటివుని దీపానికి పెట్టి చూశాడు. చూసి, కుర్చీలో కూర్చున్నాడు. పొద్దుటి ఎండ పక్కనుంచి పడుతోంది. భైరవుడు కాలు మడిచి నిలబడి ఉన్నాడు. ముందున్న పొదలోంచి డజను కౌజుపిట్టలు అప్పుడే లేచాయి. ఎంత అప్పుడే అంటే, ఒకదాని కాళ్ళింకా ఆకుల్లోనే ఉన్నాయి. కుక్క కదల్లేదు. లోకమంతా రెక్కలు కొట్టుకుంటుంటే అదొక్కటే నిశ్చలంగా ఉంది. అలాంటి ఫోటో భీమశంకరం పదేళ్ళు కళ్ళు తెరిచి ఉంచినా తీయలేడు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలియకపోతే ఇంత బాధ ఉండేది కాదు.

అప్పుడు కనబడింది గీత. కెమెరాలో ఇసకరేణువు పడ్డట్టుంది, నెగటివు వెనకవైపు అడ్డంగా ఒక గీత. సరిగ్గా భైరవుడి ముక్కు మీదుగా. ప్రింట్ వేసి చూశాడు. పెద్ద సైజులో ఆ గీత సున్నపు పట్టీలా ఉంది. దాని కింద మొహం సగం కొట్టుకుపోయింది.

భీమశంకరం మనసులో ఏదో చల్లగా దిగింది. ఆయన ఏమీ చేయనక్కర్లేదు. అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. ఫోన్ తీశాడు.

"జగన్, నెగటివు పోయిందిరా. గీత పడింది. మొహం మీదే."

"అయ్యో. ఏం చెయ్యలేమా?"

ఈ ప్రశ్నకి నిజమైన జవాబు, "చెయ్యచ్చు, మూడు రోజుల పని" అని. భీమశంకరం రెండో చేత్తో నెగటివుని కవర్లోకి తోసేశాడు.

"పనికిరాదు."

"సర్లేరా. నువ్వే కాదంటే ఇంక తిరుగులేదు. వేరేది ఏదైనా పెడతాలే."

అంత తేలిగ్గా నమ్ముతాడని భీమశంకరం అనుకోలేదు. నాలుగు మాటలు వాదిస్తే బాగుండేది, ఈయనకి కాస్త కోపం తెచ్చుకోవడానికి వీలుండేది. ఆ రాత్రి పెరుగు పుల్లగా ఉందని రేణు మీద విసుక్కున్నాడు. పెరుగు బాగానే ఉంది.

ఆదివారం జగన్మోహన్ ఇంట్లో అందరి భోజనాలు. ఎవరికి తోచింది వాళ్ళు వండి తెచ్చారు. జగన్మోహన్ భార్య రాధారాణి పులిహోర వడ్డిస్తోంది. భైరవుడు బల్ల కింద మీనా కాళ్ళ దగ్గర పడుకుని ఉన్నాడు.

"నాన్నా, అంకుల్ డాగ్ నోస్ మీద డాట్స్ చూడు, చాలా క్యూట్ ఉన్నాయి!" అంది మీనా. భీమశంకరం చూడలేదు. ఆయన చూడనక్కర్లేదు.

జగన్మోహన్ పద్నాలుగో ఫ్రేమ్ కథ అందరికీ చెబుతున్నాడు. పోయిందని చెబుతూ కూడా గెలిచినవాడిలా చెబుతున్నాడు. "పోయిందిరా అన్నాడు మా భీముడు. వాడు అన్నాక ఇంకేముంది!"

పక్కూరు టెంపీ నుంచి వచ్చిన రవికుమార్ అనే కుర్ర డాక్టరు ఆవకాయ ముక్క చీకుతూ అన్నాడు. "అలా వదిలేస్తారేంటండీ? లాస్ ఏంజిలస్‌లో మా కజిన్‌కి తెలిసిన లాబ్ ఒకటుంది. సినిమావాళ్ళవి చేస్తారు. ఎంత గీతైనా తీసేస్తారు. ఇక్కడ లోకల్ లాబ్‌లవాళ్ళకి అంత స్కిల్ ఎక్కడుంటుంది చెప్పండి?"

"నిజంగానా? అయితే రేపే పోస్టులో పంపించేస్తా. నెగటివ్ నీ దగ్గరే ఉందిగా భీముడూ?"

భీమశంకరం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అంతవరకూ ఆయన కడుపులో ఉన్నది ఒకే ఒక్క మంట. అది పాతది, అలవాటైనది, దాదాపు ఇంటిమనిషి. ఇప్పుడు రెండోది లేచింది. లాస్ ఏంజిలస్‌లో, ఏసీ గదిలో, తణుకు పేరు కూడా వినని ఎవడో ఒకడు, భైరవుడి ముక్కు మీద కుంచె పెడతాడు. ఆ ముక్కు మీద మచ్చలెన్నో వాడికి తెలుసా? ఏది ఎక్కడో తెలుసా? కుడి ముక్కుపుటం పక్కన జంటమచ్చలున్నాయనీ, వాటిలో చిన్నది కొంచెం కిందికి జారి ఉంటుందనీ వాడికి ఎవడు చెబుతాడు? వాడు తోచినట్టు నాలుగు చుక్కలు పెట్టేసి పంపిస్తాడు, జనం ఆహా అంటారు. అనంతరామయ్య గారి కొడుకు చేయలేనన్న పని ఎవడో చేశాడంటారు.

"లోకల్ లాబ్‌లంటే ఏమిటండీ మీ ఉద్దేశం?" అన్నాడు భీమశంకరం.

అందరూ తలెత్తి చూశారు. ఆయన గొంతు అంత పెద్దగా ఉంటుందని అక్కడెవరికీ తెలీదు.

"అబ్బే, మిమ్మల్ని కాదండీ అంకుల్…"

"నెగటివు ఎక్కడికీ వెళ్ళదు. నేను మళ్ళీ చూస్తాను."

విషానికి విషమే విరుగుడంటారు. మహర్షులు తపస్సుతో జయించలేని మాత్సర్యాన్ని భీమశంకరం ఆ మధ్యాహ్నం మరో మాత్సర్యంతో జయించాడు. మిత్రుడి మీద ప్రేమతో కాదు, పశ్చాత్తాపంతో అంతకన్నా కాదు. లాస్ ఏంజిలస్ మీద కుళ్ళుతో.

సోమ, మంగళ, బుధవారాలు పని అయ్యాక సాయంత్రం లాబ్‌లోనే కూర్చున్నాడు. ముందు ప్రింట్ సరిగ్గా వేయాలి. ఆకాశం మండిపోకుండా, కుక్క నీడలో మునిగిపోకుండా, తీగకి కట్టిన అట్టముక్కతో వెలుతురుని ఒకచోట ఆపి, ఒకచోట వదిలి, తొమ్మిది కాగితాలు పాడుచేశాక పదోది నిలిచింది. ఇంక ముక్కు. ఎదురుగా భైరవుడి వేరే ఫోటో పెట్టుకోలేదు. నన్ను పరీక్షిస్తారా అన్నట్టు కూర్చుని, మూడే వెంట్రుకలున్న కుంచెతో, గోధుమరంగు సిరా కాస్త ముంచి, నాలిక చివర పళ్ళ మధ్య పెట్టుకుని మొదలుపెట్టాడు. గీత కింద తెల్లబోయిన చోట బొచ్చు తిరిగి మొలిచింది. పదకొండు మచ్చలు గీతకి అటూ ఇటూ బతికే ఉన్నాయి. పోయినవి ఆరు. ఒకప్పుడు పెన్సిలుతో చంపిన ఆరింటినీ కుంచెతో బతికించాడు. జంటమచ్చల్లో చిన్నదాన్ని కొంచెం కిందికి జార్చాడు.

చెయ్యి చాచి పట్టుకుని చూశాడు. గీత లేదు. ఎప్పుడైనా ఉన్నట్టు కూడా లేదు. ఎదురుగా జగన్మోహన్ తీసిన ఆ ఫోటో, తన టోపీ ఫోటోని నమిలి మింగేసేలా నిలబడి ఉంది. చింపేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ నచ్చని ఫోటోనే చింపాలి. ఇది నచ్చింది. అదే దాని నేరం.

గురువారం ఇంటినుంచి సీలు తెచ్చాడు. కొత్త ఊదారంగు ప్యాడ్ కొన్నాడు. ప్రింటు వెనక, కింది మూలలో, నాలుగేళ్ళుగా బీరువాలో పడుకున్న శ్రీ రామలింగేశ్వర ఫోటో స్టూడియో, తణుకు, పశ్చిమగోదావరి జిల్లా, అమెరికా కాగితం మీద మొదటిసారి పడింది. దాని కింద పెన్సిలుతో రాశాడు: "ట: ముక్కు. మచ్చలు 6."

జగన్మోహన్ వచ్చి చూశాడు. ఫోటోని పట్టుకుని గుండ్రంగా తిరిగాడు. "చూశావా! చిన్న గీతేరా అది. నువ్వే ఊరికే కంగారుపడ్డావు!"

"అవును" అన్నాడు భీమశంకరం. "అంత లోతుగా లేదు."

వెనక్కి తిప్పి చూడలేదు మహానుభావుడు. ఫ్రేము కట్టించాడు.

మార్చి విందులో ఎర్ల్ ఫోటో దగ్గరికి మొహం పెట్టి ముక్కు మీద వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. భీమశంకరం కూడా మనసులో ఆయనతో పాటు లెక్కపెట్టాడు. "ఈసారి అన్నీ ఉన్నాయి" అన్నాడు ఎర్ల్, భీమశంకరం వైపు చూసి కన్నుకొడుతూ. అందరూ నవ్వారు. మొదటి బహుమతి జగన్మోహన్‌కి. టోపీ ఫోటోకి గౌరవపూర్వకమైన ప్రస్తావన. ప్రస్తావనకి ఇత్తడి రేకు ఉండదు.

జగన్మోహన్ మాట్లాడుతూ కుక్కకి, భార్యకి, ఎర్ల్‌కి, ఎడారికి, ఆ రోజు ఎండకి కృతజ్ఞతలు చెప్పాడు. ఎండకి చెప్పాక కూర్చున్నాడు. గుర్రపునాడాకీ గడియారానికీ మధ్య ఫోటో ఎక్కింది. ఆ తర్వాత ఐదేళ్ళపాటు క్లబ్బుకి వెళ్ళినప్పుడల్లా భీమశంకరం దానికి ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చునేవాడు. అందరూ ముందువైపు చూసేవారు. ఆయన వెనకవైపు చూసేవాడు, గోడకి మొహం పెట్టుకుని చీకట్లో ఉన్న ఆ నాలుగంగుళాల ఊదారంగుని. మళ్ళీ ఆ సీలు దేని మీదా వేయలేదు. వేసేంత మంచి ఫోటో ఆయనకి పడలేదు, జగన్మోహన్‌కి పడ్డవాటి మీద వేయబుద్ధి కాలేదు.

ఎనభై ఎనిమిది అక్టోబరులో, వేట కాలం ఇంక వారం ఉందనగా, భైరవుడు పోయాడు. నిద్రలోనే. క్లబ్బువాళ్ళు ఆ ఫోటోని గోడ మీంచి దించి, ఇంట్లో పెట్టుకోమని జగన్మోహన్‌కి ఇచ్చేశారు. గోడకి వేరేది కావాలన్నప్పుడు ఎర్ల్ టోపీ ఫోటో అడిగి తీసుకున్నాడని భీమశంకరానికి తర్వాత తెలిసింది. తెలిసినా సంతోషించలేకపోయాడు. ఇంకోడి కుక్క చచ్చిపోతే గానీ ఖాళీ కాని చోటు అది.

సోమవారం పొద్దున్న జగన్మోహన్ లాబ్‌కి వచ్చాడు. చంకలో గోధుమరంగు కాగితం చుట్టిన ఫ్రేము. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఫ్రేముని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, అద్దం తుడవడానికని ఇంట్లోనే విప్పిన వెనక అట్ట పక్కకి తీశాడు.

"ఇదేంట్రా?"

"సీలు."

"కనబడుతోందిలే. కింద రాసిందేంటి? మచ్చలు ఆరు?"

"గీత కింద పోయాయి. పెట్టాను."

"మా భైరవుడి మొహం మీద ఆరు మచ్చలు నువ్వు పెట్టావా?"

"ఖాళీగా వదిలేస్తే బాగుండదు కదరా."

జగన్మోహన్ సీలు మీద బొటనవేలు పెట్టి చూశాడు, ఇంకా తడిగా ఉందేమోనన్నట్టు. "చిన్న గీతేనని అన్నాను నేను. ఏరా, చిన్నదా అది?"

"చిన్నది కాదు."

"పనికిరాదని ఎందుకన్నావు మొదట?"

ఆ ప్రశ్నకి తగిన జవాబు ఐదేళ్ళుగా భీమశంకరం దగ్గర తయారుగా ఉంది. తీరా అవసరం పడేసరికి కనబడలేదు. "నా టోపీ ఫోటో కూడా పోటీలో ఉంది" అన్నాడు.

తిడతాడని భీమశంకరం ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఇద్దరూ సమానమయ్యేవాళ్ళు. జగన్మోహన్ ముక్కు చీదుకుని, ఫ్రేముని మళ్ళీ కాగితంలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

పది రోజుల తర్వాత రాధారాణి ఫోన్ చేసి భోజనానికి పిలిచింది. రేణూ, మీనా, భీమశంకరమూ వెళ్ళారు. హాల్లో, దేవుడి మందిరానికి కాస్త పక్కగా, భైరవుడు కాలు మడిచి నిలబడి ఉన్నాడు. కింద పాత ఇత్తడి రేకు లేదు. కొత్తది ఉంది. చాండ్లర్‌లో తెలుగు అక్షరాలు చెక్కేవాడు దొరకడు కాబట్టి జగన్మోహన్ కాగితం మీద రాసిచ్చి, దాన్ని చూసి చెక్కించాడట. చెక్కినవాడికి తెలుగు రాదు, అందుకని తలకట్లు కొంచెం ఎగిరిపడ్డాయి. అయినా చదవడానికి వస్తోంది.

ఫోటో: జగన్మోహన్.
ముక్కు: భీమశంకరం.

రేణు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మీనా తప్పులతో కూడబలుక్కుని చదివి చప్పట్లు కొట్టింది. జగన్మోహన్ వంటింటి గుమ్మంలో నిలబడి, చేతులు కట్టుకుని, మిత్రుడి మొహం వైపే చూస్తున్నాడు.

భీమశంకరం దాన్ని మూడుసార్లు చదివాడు. గోడ మీద, ఇత్తడి మీద, తన పేరు. కళ్ళు మసకబారాయి. అవి తుడుచుకుంటుండగానే ఆ పాతమంట మళ్ళీ కడుపులో మెల్లగా రాజుకుంది. ఐదేళ్ళు. ఐదేళ్ళపాటు ఆ ఫోటో ఎదురుగా కూర్చుని ఆలోచించాడు. ఇంత చక్కటి మాట వీడికే ఎందుకు తట్టాలి?

"భోజనానికి రారా" అన్నాడు జగన్మోహన్.

"వస్తున్నా" అన్నాడు భీమశంకరం, రేకు మీంచి కళ్ళు తిప్పుకోకుండా. "ఆ 'ము' కొమ్ము సరిగ్గా రాలేదు. విప్పి ఇవ్వు. నేను టచింగు చేసి తెస్తాను."